మఖమలు కింది పాత ఉన్ని

"శుక్రవారం ట్రక్కు వస్తుంది, ఆ పిల్లి అందులో ఎక్కుతుంది, ఇంక నా ముందు ఎవరూ నోరెత్తకండి" అని మా అత్తగారు బుర్మాకాన్ తీర్పు చెప్పేసి లేచి వెళ్ళిన దగ్గర ఆగాం. ఆ శుక్రవారం వచ్చేసింది.

పిల్లి పేరు బాతిర్. బూడిదరంగు ఒళ్ళు, తెల్ల మూతి, పెద్దమనిషికుండే బుగ్గలు. నా తోడికోడలు చొల్పొన్ మా ఇంటికి కాపురానికొస్తూ ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది. వాళ్ళమ్మ పోయేముందు చేతిలో పెట్టి వెళ్ళిన ప్రాణి అది. పెట్టె నిండా పట్టుబట్టలు తెచ్చుకున్న కోడళ్ళని చూశాను గానీ, పిల్లిని తెచ్చుకున్న కోడలు మా కరకోల్ ఊళ్ళో ఇదొక్కతే. పిల్లలు పుట్టకుండా చిన్నప్పుడే ఆపరేషన్ చేయించిన పిల్లి కాబట్టి ఇంట్లో ఉన్నాడా లేడా అన్నట్టుండేవాడు. అలాంటివాడు ఈ వేసవి చివర్నుంచి గోడకి వీపు తిప్పి, తోకెత్తి చిమ్మడం మొదలెట్టాడు. అదీ ఎక్కడ? పెద్దచోటులో. గడపకి ఎదురుగోడ దగ్గర, మెత్తటి పరుపులు పరిచి, అతిథుల్నీ పెద్దల్నీ తప్ప ఇంకొకర్ని కూర్చోనివ్వని చోట.

మా అత్తగారికి అది పిల్లి చేసిన పనిలా కనిపించలేదు. శత్రువు చేసిన పనిలా కనిపించింది. వాయిలాకుల పొగలాగా మేం ఇంట్లో వేసే దేవదారు పొగ వేసింది. చెప్పుచ్చుకుని తరిమింది. రోజూ పొద్దున్నే ముక్కుపుటాలు మండే అమోనియా నీళ్ళతో గోడనీ తివాచీనీ రుద్దింది. ఆవిడ రుద్దినకొద్దీ వాడు చిమ్మాడు. వాడు చిమ్మినకొద్దీ ఆవిడ రుద్దింది. చొల్పొన్ పశువుల డాక్టరుకి చూపించింది. రాళ్ళు లేవు, జబ్బు లేదు, పళ్ళెంలో మట్టి పోస్తే బుద్ధిగా అందులోనే కూర్చుని పోసుకుంటాడు. చిమ్మడం మాత్రం ఆ గోడకే.

"పొగరు, ఇంకేం కాదు. చొల్పొన్ మొగుడు కొండ మీద గొర్రెల దగ్గరుంటే, ఇంట్లో మగాణ్ణి నేనే అనుకుంటోందీ పిల్లి" అనేది అత్తగారు.

"పొగరు కాదత్తయ్యా, భయం" అనేది చొల్పొన్. అంతకు మించి అననిచ్చేవాళ్ళు కాదు దాన్ని.

ట్రక్కు ఎక్కడికి వెళ్తుందంటే కనుమ అవతల గొర్రెల కొట్టానికి. అక్కడ కాపలాకుక్కలు దూడలంతేసి ఉంటాయంటారు. పొయ్యి పక్కన పెరిగిన పిల్లి అక్కడ మొదటి మంచు చూస్తుందో లేదో ఎవరూ చెప్పలేరు. చొల్పొన్ ఆ వారమంతా అన్నం సరిగా తినలేదు. ఏడవనూ లేదు. అది చూసే నాకు భయం వేసింది.

ఆ శుక్రవారమే వియ్యపురాలు కూడా దిగింది. గోరుచుట్టు మీద రోకలిపోటంటే ఇదే.

రకియాగారి కొడుక్కి మా ఆడపడుచునిచ్చి చేయబోతున్నాం. వేసవి చివర్లో పిల్ల చెవులకి కమ్మలు పెట్టి మాట ఖాయం చేసుకుని వెళ్ళారు. ఆ రోజున రకియాగారు మా మామగారి భుజాల మీద కప్పిన చాపాన్ సంగతి ఊరంతా చెప్పుకున్నారు. మోకాళ్ళ కింది దాకా వచ్చే, ఉన్ని కూరిన అంగీ అది. పైన ముదురాకుపచ్చ మఖమలు, మెడ చుట్టూ జరీ. "చలికాలమంతా కళ్ళు పోగొట్టుకుని ప్రతి కుట్టూ నా చేత్తో వేశాను" అని ఆవిడ అందరి ముందూ చెప్పింది. అలాంటి గౌరవాన్ని పెట్టెలో పెట్టరు కదా. పెద్దచోటులో గోడతివాచీ మీద, వచ్చిన ప్రతివాళ్ళకీ కనిపించేలా వేలాడదీశాం.

రకియాగారు వచ్చింది, బూట్ల మీద తొడిగే రబ్బరు గలోషులు విప్పింది, వెళ్ళి ఆ చాపాన్ కిందే దర్జాగా కూర్చుంది. కూర్చున్నాక ముక్కు ఎగబీల్చింది.

"తప్పుగా అనుకోకండి వదినగారూ, ఎక్కడైనా పులిసిన పాలకుండ పగిలిందా?"

మా అత్తగారి మొహం కాల్చిన ఇటుకలా అయింది. "పిల్లి వదినగారూ. ఇవాళ్టితో సరి. మధ్యాహ్నం ట్రక్కెక్కించేస్తున్నా."

"మంచి పని చేస్తున్నారు. మా ఇంట్లో పిల్లి గడప తొక్కడానికి వీల్లేదు. ఇన్నేళ్ళుగా ఒక్క పిల్లిపిల్లని రానివ్వలేదు నేను. నా చేతి కుట్టు ఈ కంపులో వేలాడుతుంటే కడుపు తరుక్కుపోతోందనుకోండి."

నేను టీ పోస్తున్నాను. గౌరవమైనవాళ్ళకి గిన్నెలో అడుగున నాలుగు గుక్కలే పోస్తాం మేం, మళ్ళీ మళ్ళీ అడిగి పోయొచ్చని. నిండుగా పోశామంటే తాగి లేవమని అర్థం. నా చెయ్యి ఏ దేవుడు తోసాడో, రకియాగారి గిన్నె అంచు దాకా నిండింది.

"ఏమ్మా జూరా, అప్పుడే సాగనంపుతున్నావా?"

"అయ్యో పిన్నిగారూ, చెయ్యి జారింది." అత్తగారు నావంక చూసిన చూపుకి పక్కనున్న రొట్టె మాడిపోవాలి.

అప్పుడు లేచింది చొల్పొన్. గడప పక్క, కోడళ్ళు కూర్చునే చోటునుంచి. వియ్యాలవారు ఉండగా కోడలు నోరు విప్పడం మా ఇంట్లో లేదు. మామగారి పేరు కూడా పలకం మేం, చాటుగానైనా సరే. అలాంటిది ఇది గది మధ్యలోకొచ్చి నిలబడింది.

"అత్తయ్యా, ట్రక్కు వచ్చేలోగా మీకొకటి చూపిస్తాను. అది చూశాక కూడా పంపించెయ్యమంటే, బాతిర్‌ని నేనే ఎత్తుకెళ్ళి ఎక్కిస్తాను. మళ్ళీ మాట్లాడను."

"ఇప్పుడా? వదినగారి ముందా?"

మూల కూర్చుని ఆప్రికాట్ గింజలు పగలగొట్టుకుంటున్న మామగారు తలెత్తకుండా, "చూపించనీ" అన్నారు. ఆయన ఏడాదికి పది మాటలాడతారు. వాటిలో ఒకటి ఖర్చుపెట్టారంటే ఎదురు లేదు.

"అక్కా, కిటికీలు మూస్తావా?"

నేను బయటికి పరిగెత్తి నీలం చెక్క తలుపులు ధనాధనా మూసేశాను. గదిలో చీకటి పడింది. చొల్పొన్ కొంగు కింద నుంచి చిన్న లాంతరు తీసింది. బజారులో డబ్బు మార్చే కొట్లలో దొంగనోట్లు పట్టడానికి వాడతారే, ఊదారంగు వెలుగు, అది. వాళ్ళన్నయ్య కొట్లోది.

లాంతరు గోడ వైపు తిప్పింది. తివాచీ కింది అంచున, గోడ మీద, పసుపుపచ్చగా చారలు చారలుగా మెరుస్తున్నాయి. రకియాగారు "అమ్మో అమ్మో" అంటూ పరుపు మీద నుంచి పక్కకి జరిగింది.

"ఆర్పెయ్యవే! నా పరువు తీశావు కదే!" అంది అత్తగారు.

"ఒక్క క్షణం అత్తయ్యా. ఈ నీలంగా తెల్లగా మెరుస్తున్నది సబ్బుపొడి, మీరు ఉతికినది. ఈ పసుపుపచ్చది వాడిది. ఎంతెత్తు ఉందో చూడండి. నా మోకాలు దాటలేదు. పిల్లి నిలబడి తోకెత్తి చిమ్మితే అందే ఎత్తు అంతే."

"అయితే?"

"అయితే ఇది చూడండి."

లాంతరు పైకెత్తింది. రెండో చేత్తో చాపాన్ ముందుభాగం తెరిచి అస్తరు మీద వెలుగు పడేసింది.

లోపల, వీపు దగ్గర, భుజాల దాకా, ఒక పెద్ద పసుపుపచ్చ మరక. దాని పక్కన ఇంకొకటి. కింద ఇంకోటి. మనిషి గుండె ఎత్తున.

మామగారి చేతిలో గింజ పగల్లేదు.

"పిల్లి... గోడెక్కి ఉంటుంది" అంది రకియాగారు.

నేనింక ఆగలేకపోయాను. "ఎక్కి, చాపాన్ లోపలికి దూరి, అస్తరుకీ ఉన్నికీ మధ్య పని కానిచ్చి, మళ్ళీ నీటుగా కుట్టేసి దిగిందంటారా పిన్నిగారూ?"

"జూరా! నోర్ముయ్!" అంది అత్తగారు. కానీ ఆ గొంతులో కోపం నామీద కాదు. ఆవిడ లేచి, చాపాన్‌ని గోడ మీద నుంచి దింపి, అస్తరు మొహానికానించుకుని గట్టిగా వాసన పీల్చింది. ఉన్నితో, తోలుతో, పశువులతో గడిపిన ముక్కు అది. అబద్ధం చెప్పదు.

"పోతుపిల్లి" అంది. "ఆపరేషన్ లేనిది. బాగా పాతవాసన. కడిగారు గానీ ఉన్నిలోంచి పోలేదు. ఇది మావాడిది కాదు."

మావాడు! నిన్నటిదాకా 'ఆ పిల్లి' అన్న నోరు. చీకట్లో చొల్పొన్ నా చెయ్యి పట్టుకుని నొక్కింది, ఎముకలు విరిగేలా.

నేను కిటికీ తలుపులు తీశాను. వెలుగులో రకియాగారు తేలు కుట్టిన దొంగలా కూర్చుని ఉంది.

నిజం చెప్పొద్దూ, ఇచ్చిన చాపాన్‌ని మళ్ళీ ఇంకొకరికి ఇవ్వడం మా దేశంలో తప్పేమీ కాదు. ప్రతి ఇంట్లోనూ ఒక పెట్టె ఉంటుంది, వచ్చినవి పెట్టడానికి, పోయేవి తీయడానికి. మా అత్తగారి పెట్టెలో ఎన్నున్నాయో నాకు తెలుసు. కానీ 'ప్రతి కుట్టూ నా చేత్తో' అని పదిమందిలో చెప్పుకుని, పిల్లి గడప తొక్కని ఇల్లు నాదన్న ఆవిణ్ణి ఆ రెండు మాటలూ చెరో పక్క నుంచీ నొక్కేశాయి.

"వదినగారూ, మఖమలు మీదేనా?" అంది అత్తగారు, పంచదార పాకంలా.

"మఖమలు నాదే! జరీ నాదే! మీద కుట్టు నాదే!"

"ఉన్ని?"

రకియాగారు అంచుదాకా నిండిన టీ గిన్నె ఎత్తి గటగటా తాగేసింది. పైన పటారం, లోన లొటారం అని నేను పైకి అనలేదు. అనకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డానో నా పెదాలకి తెలుసు.

"చెప్పవే" అంది అత్తగారు చొల్పొన్‌తో. "ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"మామయ్యగారు గుర్రప్పందాలకి దాన్ని వేసుకెళ్ళి, వాళ్ళ అన్నగారింట్లో ఉంచేసి వచ్చారు చూడండి, ఆ వారం వాడు ఒక్కసారి కూడా చిమ్మలేదు. చాపాన్ తిరిగొచ్చి గోడెక్కిన మర్నాడే మొదలు. అప్పుడు అనుమానం వచ్చింది. వాడికి మఖమలు కనపడదత్తయ్యా. తన ఇంట్లో, పెద్దచోటులో, ఎవడో పరాయి పోతుపిల్లి కూర్చున్నట్టు వాసన కొడుతోంది వాడికి. పొలం గట్టు మీద రాయి పాతుకున్నట్టు, ఇది నాది అని రాసుకుంటున్నాడు. ఆపరేషన్ చేయిస్తే చాలా పిల్లులు మానేస్తాయి గానీ, భయం పుడితే ఇలాంటివాడైనా చిమ్ముతాడు. పైగా మీరు అమోనియాతో రుద్దుతున్నారు. అదీ వాడికి ఉచ్చ కంపే. కడిగిన ప్రతిసారీ ఇంకో పిల్లి వచ్చి వెళ్ళిందనుకుంటున్నాడు."

అత్తగారు కాసేపు తన చేతులు చూసుకుంది. అమోనియాకి చర్మం పగిలిన చేతులు. "అంటే ఇన్నాళ్ళూ నేనే వాడికి కబురు పెడుతున్నానన్నమాట, మళ్ళీ చిమ్మరా అని" అంది. ఆ తర్వాత మా అత్తగారు నవ్వింది. చిన్నగా మొదలై భుజాలు ఎగిరేదాకా వెళ్ళిన నవ్వు.

"కూర్చున్నారేం? కదలండి!"

చాపాన్ పెరట్లో కంచె మీదికి పోయింది. మరకలు తినేసే సబ్బుపొడి గోరువెచ్చటి నీళ్ళలో కలిపి గోడా, తివాచీ అంచూ తడిపి, రుద్దకుండా పొడిగుడ్డతో అద్ది అద్ది తీశాం. రకియాగారు కూడా చేతులు పైకి మడుచుకుని పనిలోకి దిగింది. పాపం, ఊరికే కూర్చుంటే ఊపిరాడదు కదా. చొల్పొన్ వెళ్ళి బాతిర్ బుగ్గల్ని మెత్తటి గుడ్డతో నిమిరి తెచ్చి, అదే గుడ్డతో గోడ మూల తుడిచింది. "వాడి వాసనే వాడికి ధైర్యం" అంది. మాంసం ముక్కల గిన్నె కూడా అక్కడే పెట్టింది. తినే చోట పిల్లి చిమ్మదట.

అప్పుడే వీధిలో హారన్ మోగింది. ట్రక్కు.

చొల్పొన్ చేతిలో గుడ్డ అలాగే ఆగిపోయింది.

"ఆ పొడి ఇంకా మరకని తినాలి, గోడ ఆరాలి" అంది మెల్లిగా. "వాడు నమ్మడానికి కొన్నాళ్ళు పడుతుందత్తయ్యా. ఇవాళే అంటే..."

"జూరా, ట్రక్కువాడికి టీ, రొట్టె పట్టుకెళ్ళు. కాస్త ఆగమను" అంది అత్తగారు. అంతకు మించి ఏమీ అనలేదు.

నడిపేవాడు మెలిస్, తెలిసిన కుర్రాడే. లోపలికి రమ్మంటే కనుమలో మంచు పడకముందే పోవాలన్నాడు. అతని పక్కన ఒక ముసలాయన, తెల్ల ఫెల్టు టోపీ కళ్ళమీదికి లాక్కుని. టీ వద్దన్నాడు. రొట్టె మాత్రం వద్దనకూడదు కదా ఎవరూ, ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు.

"ఈ ఇంట్లో రొట్టె ఇంకా ఒక పక్క మాడ్చే కాలుస్తున్నారా?" అన్నాడు.

ఊరుకోబుద్ధి కాలేదు నాకు. "తినేవాళ్ళకి రెండో పక్క ఉంది కదా తాతా" అని వచ్చేశాను. మర్యాద తెలియని మనిషి అనుకున్నాను.

నేను లోపలికొచ్చేసరికి అందరూ గోడకి ఆనుకుని నిలబడ్డారు. చొల్పొన్ వంటింటి తలుపు తీసింది. బాతిర్ వచ్చాడు.

గడప దగ్గర ఆగాడు. గదంతా చూశాడు. పొట్ట నేలకి ఆనించి, ఇన్నాళ్ళూ నడిచినట్టే దొంగలా నడిచి పెద్దచోటుకి వెళ్ళాడు. మెడ సాచి గోడ పైకి చూశాడు. అక్కడ చాపాన్ లేదు. మూల వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. వెనక్కి తిరిగాడు.

తోక లేచింది.

చొల్పొన్ కళ్ళు మూసుకుంది. నేను మూసుకోలేదు కాబట్టి చూశాను. ఆ తోక వణకలేదు. చిమ్మేటప్పుడు దాని కొన గజగజా వణుకుతుంది. ఇది నిటారుగా, జెండాకర్రలా నిలబడింది. బాతిర్ ఇటు తిరిగి, గోడ మూలకి తన బుగ్గ ఆనించి ఒకసారి, రెండోసారి, హాయిగా రాసుకున్నాడు. ఆ తర్వాత గిన్నె దగ్గర కూర్చుని మాంసం తినసాగాడు. మామగారు గింజ పగలగొట్టారు.

"ఏదీ, ఇటు రా" అంది అత్తగారు. చొల్పొన్ వెళ్ళింది. ఆవిడ దాని తల దగ్గరికి లాక్కుని నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. నేనీ ఇంటికొచ్చాక అలాంటిది చూడలేదు. అసూయ పడ్డానా అంటే, పడ్డాను. అయినా సంతోషం వేసింది. చొల్పొన్ అప్పుడు ఏడ్చింది, వారం రోజుల ఏడుపూ ఒక్కసారిగా.

"రేపు మళ్ళీ చిమ్మితే?" అంది వెక్కుతూ.

"చిమ్మితే కడుగుదాం. అమోనియా లేకుండా" అంది అత్తగారు. అని విసవిసా గేటు దాకా వెళ్ళి, వీధి మొత్తం వినపడేలా అరిచింది. "వెళ్ళిరా నాయనా మెలిస్! ఇక్కడ ఎక్కేవాళ్ళెవరూ లేరు! మా ఇంటివాడు మా ఇంట్లోనే ఉంటాడు! పోండి, పోండి!"

ట్రక్కు కదిలిన చప్పుడు వినిపించింది. నాకైతే ఆ చప్పుడు పెళ్ళి బాజాలా వినిపించింది.

లోపలికొచ్చిన అత్తగారు గెలిచిన గుర్రంలా ఉంది. కంచె మీది చాపాన్ తెచ్చి ఒళ్ళో వేసుకుని కత్తెర తీసింది. "ఉన్ని విప్పి కడిగితే గానీ ఇది పోదు వదినగారూ. మీ మఖమలుకేం కాదులెండి. మళ్ళీ ఇద్దరం కలిసి కుడదాం" అంది. రకియాగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వియ్యపురాలు దెప్పకుండా వదిలేయడం కంటే పెద్ద దెబ్బ ఉండదు.

అస్తరు చిరిగింది. లోపల పాత గుడ్డ, దాని మీద ఎర్రదారంతో ఉన్నిని పట్టి ఉంచే కుట్లు. అత్తగారి కత్తెర ఆగిపోయింది.

ఆ కుట్లన్నీ ఎడమ వైపుకి వాలి ఉన్నాయి. కుడిచేత్తో కుట్టేవాళ్ళ కుట్టు అలా వాలదు. మా వీధిలో ఎడమచేత్తో సూది పట్టేది ఒక్కరే.

"ఇది నేను కుట్టాను" అంది అత్తగారు. "ఎర్రదారంతో జీవితంలో ఒక్కటే కుట్టాను. మా తమ్ముడికి."

సామూదిన్. నేనీ ఇంటికి రాకముందే అక్కతో తగువు పడి గేటు దాటిపోయిన తమ్ముడు. వెనకాలే చాపాన్ కుట్టి పంపింది. జవాబు లేదు. విసిరేసి ఉంటాడని ఇన్నేళ్ళూ అనుకుంటోంది.

"రకియా! ఇది ఎవరిచ్చారు మీకు?" 'వదినగారూ' అన్న పిలుపు ఎగిరిపోయింది.

"మంచు తుపానులో చిక్కుకుంటే, కనుమ అవతల కొట్టంలో ఒకాయన మమ్మల్ని ఉంచుకున్నాడు. ఇవ్వడానికి ఆయన దగ్గర ఇంకేం లేదు. తన పక్క మీద నుంచి తీసి మా ఆయన భుజాల మీద కప్పాడు. దాని మీదే ఒక పోతుపిల్లి పడుకుని ఉంది..." రకియాగారు తల దించుకుంది. "ఇందాక కిటికీలోంచి ట్రక్కులో ఆయన్ని చూశాను వదినగారూ. ఎక్కడ దిగొచ్చి చాపాన్ గుర్తుపడతాడో అని మొహం తిప్పేసుకున్నాను."

ఒక పక్క మాడిన రొట్టె నా నోట్లోకొచ్చి అడ్డం పడినట్టయింది.

ఎక్కేవాళ్ళెవరూ లేరు, పోండి, పోండి. వీధి మొత్తం వినేలా, ట్రక్కులో కూర్చున్న ఆ తమ్ముడూ వినేలా అరిచిన అరుపు.

అత్తగారు ఒక కాలికి గలోషు, ఒక కాలికి ఉత్త మేజోడుతో గేటు దగ్గరికి పరిగెత్తింది. నేను వెనకాలే. వీధి చివర, ఆపిల్ బండి అడ్డం వచ్చిన మలుపు దగ్గర, ట్రక్కు ఆగి ఉంది. మెలిస్ చక్రం ముందే కూర్చుని ఉన్నాడు.

రెండో వైపు తలుపు మెల్లిగా తెరుచుకుంది.